వేలెత్తే మనిషిని కాపాడేదెవరు?



ఈ పత్రికలో నేను ఎక్కువగా బాలింతల ఆహారం గూర్చి, చక్కెర వ్యాధి ఉన్నవారి కాళ్ల పుండ్ల గూర్చి, పాముకాటు గూర్చి వ్రాస్తుంటాను. ఈసారి క్రికెట్ అంపైర్ల గూర్చి వ్రాస్తున్నానంటే కొందరికి నవ్వు రావచ్చు. నిజానికి నాకు ఆట అంతగా తెలియదు. ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో మా అబ్బాయి పదిసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. కాని ఆట ఆడేచోట మనుషులుంటారు, మనుషులున్నచోట జబ్బు ఉంటుంది, జబ్బు ఉన్నచోట నర్సుకు మాట్లాడే పని ఉంటుంది. అందుకే వ్రాస్తున్నాను.

కిందటి నెలలో యువజన సంఘం పిల్లలు నలుగురు నా గదికి వచ్చారు. వేసవి టోర్నమెంటు పెడుతున్నారట. ప్రథమ చికిత్స పెట్టె కావాలన్నారు. దూది, బ్యాండేజి గుడ్డ, అయోడిన్ మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు సర్దుతూ నేను అడిగాను. "అంపైర్‌గా ఎవరు నిలబడతారు? ఆయనకు వయసెంత? బి.పి., షుగరు ఏమైనా ఉన్నాయా? జ్వరాలు తిరుగుతున్న రోజులు కదా, ఆయనకు జ్వరం వస్తే వేరే మనిషి ఉన్నాడా?" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో చిన్నవాడు నవ్వి, "అంపైర్‌కు ఏమైతాది సిస్టరమ్మా, ఊరికే నిలబడేవాడే కదా!" అన్నాడు.

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. పెద్దలమైన మనం కూడా అలాగే అనుకుంటాము. కాని ఆ మాట విన్న దగ్గరనుండి నాకు 2021 ఏప్రిల్ నెల గుర్తుకు వస్తూనే ఉంది.

ఊరికే నిలబడేవాడా?

ముందు ఆ మనిషి చేసే పని ఏమిటో చూద్దాం. పదకొండు మంది ఫీల్డింగ్ చేస్తారు, ఇద్దరు బ్యాటింగ్ చేస్తారు. ఒక జట్టు దిగిపోతే ఇంకో జట్టు వస్తుంది. మధ్యాహ్నం ఇంకో ఆటకు ఇంకో రెండు జట్లు వస్తాయి. ఆటగాళ్లు మారుతారు గాని అంపైర్ మారడు. ఉదయం ఎనిమిదింటికి నిలబడితే సాయంత్రం పొద్దు వాలే వరకు ఆయనే. ప్రతి బౌలరూ ఆయన పక్కనుండే పరుగెత్తుకొస్తాడు. టోపీ తీసి ఆయన చేతికే ఇస్తాడు. బంతి తడిసినా, చిరిగినా ఆయన చేతికే వస్తుంది. అవుట్ ఇవ్వకపోతే ఐదారుగురు ఆయన మొహం మీదికే వచ్చి అరుస్తారు. ఒక్క రోజులో నలభై, యాభై మంది ఊపిరి తగిలే చోట నిలబడే మనిషి మైదానంలో ఆయన ఒక్కడే.

ఇంకొక సంగతి. మైదానంలో అందరికంటే వయసులో పెద్దవాడు కూడా సాధారణంగా ఆయనే. ఆడేవాళ్లకు ఇరవై, పాతికేళ్లు ఉంటాయి. అంపైర్‌గా మన పల్లెల్లో నిలబడేది రిటైరైన డ్రిల్లు మాస్టరో, ఒకప్పుడు బాగా ఆడిన పెద్దమనిషో. కోవిడ్ ఎవరిని ఎక్కువగా బలి తీసుకున్నదో మనకు తెలుసు. వయసు మళ్లినవారిని, చక్కెర వ్యాధి, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారిని. అంటే ఎక్కువ మందికి దగ్గరగా నిలబడేవాడు, జబ్బు వస్తే ఎక్కువగా దెబ్బతినేవాడు ఒకే మనిషి.

అంపైర్‌కు ఏమీ కాదనుకోవడం ఎంత పొరపాటో పెద్ద ఆటల్లోనూ తెలిసివచ్చింది. 2020 మార్చిలో రాజ్‌కోట్‌లో సౌరాష్ట్ర, బెంగాల్ జట్ల మధ్య రంజీ ట్రోఫీ ఫైనల్ జరిగింది. మన హైదరాబాదుకు చెందిన అంపైర్ షంషుద్దీన్ గారికి మొదటి రోజునే బంతి పొత్తికడుపు దగ్గర బలంగా తగిలింది. ఆయన మైదానంలో కొనసాగలేకపోయారు. రెండో అంపైర్ అనంతపద్మనాభన్ గారు కొంతసేపు రెండు వైపులా తానే బౌలర్ వెనుక నిలబడవలసి వచ్చింది. అదే మ్యాచి చివరి రోజు, అంటే మార్చి 13న, కోవిడ్ భయంతో ప్రేక్షకులను లోపలికి రానివ్వకుండా ఆడించారు. దెబ్బ, అంటువ్యాధి రెండూ ఒకే ఆటలో తలుపు తట్టాయన్నమాట. దేశమంతటికీ పెద్దదైన ఆటలోనే అంపైర్ పడిపోతే ఆ స్థానంలోకి మనిషిని వెతుక్కోవలసి వచ్చింది. మన చెరువులో జరిగే టోర్నమెంటు సంగతి చెప్పాలా?

డ్రిల్లు మాస్టరు గారు

ఇక 2021 సంగతి. ఆయన పేరు వ్రాయను, ఊరి పేరు వ్రాయను. ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 61. పన్నెండేళ్లుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. ఎండిన చెరువులో ఆ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో పది రోజుల టోర్నమెంటు పెట్టారు. పదహారు జట్లు. ఆయనే అంపైర్. రోజుకు నాలుగు వందల రూపాయలు, మధ్యాహ్నం భోజనం.

ఆ సంవత్సరం మార్చి 1 నుండే అరవై ఏళ్లు దాటినవారికి టీకా వేస్తున్నారు. "ఎందుకు వేయించుకోలేదు సార్?" అని నేను అడిగాను. "టీకా వేస్తే రెండు దినాలు జ్వరం వస్తాదన్నారు మా. టోర్నమెంటు మధ్యలో పండుకుంటే ఎట్ల? అయిపోయినాక వేసుకుందామనుకుంటి" అన్నారు.

టోర్నమెంటు ఏడో రోజున ఆయనకు ఒళ్లు నొప్పులు మొదలైనాయి. ఎండ దెబ్బ అనుకొని పారాసెటమాల్ మాత్ర వేసుకొని నిలబడ్డారు. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు కూడా నిలబడ్డారు. సెమీ ఫైనల్లో ఒక రనౌట్ మీద గొడవ జరిగి రెండు జట్లవాళ్లూ ఆయన చుట్టూ మూగి పావుగంట అరిచారట. పదకొండో రోజు రాత్రి ఆయనను ఆటోలో మా దగ్గరికి తెచ్చారు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 84. తొంభై నాలుగు కంటే తగ్గితేనే మేము జాగ్రత్తపడతాము. ఆయన పక్కనే ఆయన భార్య కూర్చొని ఉంది. ఆమెకూ అప్పటికే దగ్గు.

ఆ రోజుల్లో మన జిల్లాలో పడకలకోసం, ఆక్సిజన్ కోసం జనం ఎంత తిరిగారో చదువుతున్న మీలో చాలామందికి స్వయంగా తెలుసు. మా వార్డులో ఒక పడకకు రోగి లేచేలోపలే ఇంకొక రోగి ఎదురుచూస్తుండేవాడు. మాస్టరు గారు పంతొమ్మిది రోజులు ఉండి బతికి బయటపడ్డారు. ఆమె ఆరో రోజు తెల్లవారుజామున చనిపోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పే పని నాకే పడింది.

ఆయన ఎవరినీ నిందించలేదు. చాలాసేపు పైకి చూస్తూ పడుకొని ఒక మాట మాత్రం అన్నారు. "దూరం ఉండండిరా అని నేను చెప్పింటే సరిపోయేది సిస్టరమ్మా. చెప్పలేకపోతి. మన పిల్లోళ్లే కదా అనుకుంటి."

పదకొండో రోజుకంటే ముందే ఆయన రాకూడదా? వస్తే మూడు రోజుల కూలి పోతుంది, టోర్నమెంటు ఆగిపోతుంది. వేరే అంపైర్ లేడు. జబ్బు ఆయనకు ఎవరి ఊపిరినుండి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆయననుండి ఇంకెంతమందికి పోయిందో కూడా చెప్పలేము. కాని ఆ చెరువులో ఆయనను కాపాడేందుకు ఒక్క నియమం కూడా లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

లోకం ఏ నియమాలు పెట్టుకుంది?

నియమాలు పెట్టడం అసాధ్యమేమీ కాదు. 2020లో లోకమంతటా ఆటలు ఆగిపోయి, మళ్లీ మొదలైనప్పుడు ఆయా సంఘాలవారు అంపైర్ల గూర్చి ఆలోచించారు.

బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. మన పిల్లలు ఆడే సాఫ్ట్‌బాల్‌కు అన్నవంటిది. ఆ ఆటలో ముఖ్య అంపైర్ బంతి పట్టుకునే ఆటగాడి వీపు వెనుకనే వంగి నిలబడతాడు. మధ్యలో జానెడు దూరం కూడా ఉండదు. దక్షిణ కొరియాలో 2020 మే 5న ఆ ఆట మళ్లీ మొదలైనప్పుడు అంపైర్లు మాస్కులు, చేతి తొడుగులు వేసుకొని దిగారు. అమెరికాలో జూలై 23న మొదలైంది. అక్కడ అంపైర్‌తో పోట్లాడటం ఆటలో ఒక భాగమన్నట్లు ఉంటుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి అంపైర్ ముక్కుకు ముక్కు ఆనించి అరుస్తాడు, జనం చప్పట్లు కొడతారు. అటువంటి చోట ఆ ఏడు ఒక నియమం పెట్టారు. వాదించడానికి అంపైర్‌కు ఆరడుగుల లోపలికి ఎవరు వచ్చినా వెంటనే బయటికి పంపించి శిక్ష వేయవచ్చునని. ఉమ్మి వేయడం కూడా నిషేధించారు. అయినా తమ ఆరోగ్యం, ఇంట్లోవారి ఆరోగ్యం ఆలోచించుకొని కొందరు అంపైర్లు ఆ సంవత్సరం పనికి రాకుండా ఇంటిదగ్గరే ఉండిపోయారు. వారిని ఎవరూ పిరికివాళ్లనలేదు.

క్రికెట్‌లో అంతర్జాతీయ మండలి, అంటే ఐ.సి.సి., 2020 మే నెలలో సూచనలు ఇచ్చింది. ఆటగాళ్లు తమ టోపీలు, తువ్వాళ్లు, కళ్లజోళ్లు, స్వెటర్లు అంపైర్‌కు ఇవ్వకూడదు. బంతి ముట్టుకునేటప్పుడు అంపైర్ చేతి తొడుగులు వేసుకోవచ్చు. జూన్‌లో బంతికి ఉమ్మి పూయడం నిషేధించారు. ఎవరైనా పూస్తే అంపైర్ బంతిని శుభ్రం చేయించాలి, రెండుసార్లు హెచ్చరించాలి, తర్వాత ఐదు పరుగులు జరిమానా. ఆ జూలైలో మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ ఆటగాడు సిబ్లీ పొరపాటున ఉమ్మి పూస్తే, అంపైర్ మైకేల్ గాఫ్ గారు మందు తడిపిన కాగితంతో బంతిని తుడవడం టీవీలో చాలామంది చూశారు. 2021 మార్చిలో అహ్మదాబాదులో ఇంగ్లండ్ కెప్టెన్ మోర్గాన్ తలమీద రెండు టోపీలు పెట్టుకొని కనిపిస్తే మా వార్డులో పిల్లలు పగలబడి నవ్వారు. ఒకటి ఆయనది, ఇంకొకటి బౌలరుది. అంపైర్ తీసుకోకూడదు గనుక కెప్టెనే మోశాడు. నాకైతే నవ్వు రాలేదు, సంతోషం కలిగింది. ఒక పెద్దమనిషి చేతిలో పెట్టే బరువును ఒక కుర్రవాడు తన తలమీదికి తీసుకున్నాడు.

ఇదంతా సీమల సంగతి అనుకోవద్దు. మన ఊరిలోనే, అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో ఆంధ్ర క్రికెట్ సంఘం వారు ఆరు జట్లతో టి20 లీగు నడిపించారు. అదే ఏడాది ఆర్డీటీ వారి బత్తలపల్లి ఆసుపత్రిలో కోవిడ్ రోగులకు వైద్యం జరిగింది. ఒకే సంస్థవారి స్థలాల్లో ఒకచోట ఆట, ఒకచోట ఆక్సిజన్. కష్టకాలంలో కూడా ఆట ఆడవచ్చు, కాని నియమం ప్రకారం ఆడాలని మన కళ్లెదుటనే చూశాము. ఆరు నెలలు తిరక్కుండానే మన పల్లె చెరువుల్లో ఆ సంగతి మరచిపోయాము.

ఆనాడు తెలియనిది, ఈనాడు తెలిసినది

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. 2020లో పెట్టిన నియమాల్లో కొన్ని అవసరమైనవి, కొన్ని అంతగా అక్కరలేనివి. అప్పట్లో మనమందరం వస్తువులను చూసి భయపడ్డాము. పాల ప్యాకెట్లు కడిగాము, కూరగాయలు సోడా ఉప్పు నీళ్లలో వేశాము, వార్డు తలుపు గడియలను గంటకొకసారి తుడిపించాను. క్రికెట్‌వాళ్లు బంతిని చూసి భయపడ్డారు. తర్వాత శాస్త్రజ్ఞులు చెప్పినదేమంటే, వస్తువులు ముట్టుకుంటే కోవిడ్ అంటే ప్రమాదం చాలా తక్కువ. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వారు, అంటించే వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కంటే తక్కువ అన్నారు. జబ్బు ఎక్కువగా పోయేది ఊపిరితోనే. దగ్గరగా నిలబడి మాట్లాడితే, అరిస్తే, తలుపులు మూసిన గదిలో గాలి ఆడకుండా కూర్చుంటే.

దీన్నిబట్టి అంపైర్‌కు అసలు ప్రమాదం ఎక్కడుంది? బంతిలో అంత లేదు. ఆయన మొహంలో మొహం పెట్టి అరిచే గొంతులో ఉంది. గ్రౌండుకు వెళ్లేటప్పుడు పదిమంది కిక్కిరిసి కూర్చునే జీపులో ఉంది. స్కోరు వ్రాసే చిన్న గదిలో, భోజనాల దగ్గర ఉంది. మైదానం మధ్యలో గాలి బాగా ఆడుతున్నప్పుడు, ఎవరూ దగ్గర లేనప్పుడు ఆయనకు ప్రమాదం తక్కువే. కనుక నడి ఎండలో ఆయనకు మాస్కు బిగించడం కంటే, ఆయన చుట్టూ మూగకుండా ఉండటం మేలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అరవై ఏళ్ల మనిషిని ఆ ఎండలో ముక్కు, నోరు కట్టి రోజంతా నిలబెడితే కోవిడ్ కంటే ముందు వడదెబ్బ వస్తుంది.

ఈ మాటలో మనకు ఒక ఊరట కూడా ఉంది. మనది కరువు సీమ. ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల వాన. వేసవిలో తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లు ఉన్నాయి. అటువంటి చోట "ఓవరు ఓవరుకు చేతులు కడుక్కోండి" అని నేను వ్రాస్తే మీరు ఈ కాగితంలో పకోడీలు చుడతారు. కాని దూరంగా నిలబడటానికి నీళ్లు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. అన్నిటికంటే ఎక్కువ కాపాడే నియమం అన్నిటికంటే చౌకైనది.

నియమం పెట్టేవాడికీ నియమం ఉంది

అంపైర్ల పక్షాన మాట్లాడుతున్నాను గనుక వారి పొరపాటు చెప్పకుండా వదిలిపెడితే న్యాయం కాదు. 2020లో బంతి తుడిచిన ఆ గాఫ్ గారే, 2021 అక్టోబరులో టి20 ప్రపంచ కప్పు సమయంలో, అనుమతి లేకుండా తమ బయో బబుల్ దాటి బయటివారిని కలిశారు. ఆయనను ఆరు రోజులు వేరుగా ఉంచి ఆటలనుండి తప్పించారు. నియమం అమలుచేసే మనిషి తానే దాన్ని తప్పాడు.

ఆయనను ఎగతాళి చేయడానికి ఇది వ్రాయలేదు. నాకు ఆ వార్త చదివినప్పుడు చెంపదెబ్బ తగిలినట్లు అనిపించింది. ఎందుకంటే వార్డులో అందరినీ మాస్కు సరిగ్గా పెట్టుకోమని గదమాయించే నేనే, టీ గదిలో తోటి సిస్టర్లతో మాస్కు తీసి అరగంట మాట్లాడుతూ కూర్చున్న రోజులున్నాయి. మాకు వార్డులో అంటినదానికంటే ఆ టీ గదిలో అంటినదే ఎక్కువేమో. అధికారం మనిషిని రోగంనుండి కాపాడదు. అంపైర్ కోటు కాపాడదు, నర్సు యూనిఫారం కాపాడదు.

మరొక అంపైర్ సంగతి కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ చివర ఐ.పి.ఎల్. జరుగుతుండగా నితిన్ మీనన్ గారు తమ ఇంట్లోవారికి కోవిడ్ వచ్చిందని తెలిసి ఆట వదిలి ఇంటికి వెళ్లిపోయారు. మే 4న ఆ టోర్నమెంటే ఆగిపోయింది. ఆయన వెళ్లినందుకు ఆట చెడిపోలేదు. ఎందుకని? ఆయన స్థానంలో నిలబడటానికి ఇంకొక మనిషి ఉన్నాడు. మా డ్రిల్లు మాస్టరు గారికి ఆ ఇంకొక మనిషి లేడు. ఉన్న తేడా అంతా అదే.

"కోవిడ్ పోయింది కదా!"

ఈ వ్యాసం సంగతి చెబితే ఒక సంఘ పెద్ద నాతో, "ఇప్పుడు అవన్నీ ఎందుకు సిస్టర్, కోవిడ్ పోయింది కదా" అన్నారు. నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కాని ఆ జబ్బు లోకంలో ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రతి ఏడూ ఫ్లూ జ్వరాలు వస్తూనే ఉన్నాయి. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది, 2020లో కోవిడ్ వచ్చింది. ఇంకొకటి ఎప్పుడు వస్తుందో తెలియదు గాని, అది వచ్చాక కూర్చొని నియమాలు వ్రాసుకునే సమయం ఉండదని మాత్రం మనకు తెలిసింది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మన పెద్దలు ఎప్పుడో ఎగతాళి చేసిన పని.

పైగా నియమం అలవాటుగా మారాలంటే మామూలు రోజుల్లోనే పాటించాలి. మామూలు రోజుల్లో అంపైర్ మొహం మీదికి వెళ్లి అరిచే పిల్లవాడు, మహమ్మారి రోజున ఒక్కసారిగా ఆరడుగుల దూరంలో నిలబడతాడా?

నేను కోరే నియమాలు

యువజన సంఘాలవారికి, టోర్నమెంట్లు పెట్టే పెద్దలకు నేను కోరుకునేవి ఇవి. వీటిలో చాలావాటికి ఖర్చు లేదు.

1. రెండు బ్యాట్ల దూరం. పెద్దలు ఆడే బ్యాటు పొడవు సుమారు మూడడుగులు. రెండు బ్యాట్లు కలిపి పరిస్తే ఎంతో, అంత దూరం నుండే అంపైర్‌తో మాట్లాడాలి. అది కూడా కెప్టెన్ ఒక్కడే. దాటి వచ్చిన జట్టుకు ఐదు పరుగులు కోత. ఈ మాట టాస్ వేసేటప్పుడే ఇద్దరు కెప్టెన్లకు చెప్పాలి.

2. టోపీ, స్వెటర్, సెల్‌ఫోన్, బండి తాళాలు అంపైర్ చేతికి ఇవ్వకూడదు. ఆయన చిలకకొయ్య కాదు. గీత బయట ఒక కుర్చీ వేసి దానిమీద పెట్టుకోండి.

3. ప్రతి టోర్నమెంటుకు ముగ్గురు అంపైర్లు. ఇద్దరు నిలబడతారు, ఒకరు నీడలో ఉంటారు. వంతులవారీగా మారాలి. మూడో మనిషి లేకపోతే ఆటల సంఖ్య తగ్గించండి.

4. జ్వరం, గొంతునొప్పి, దగ్గు ఉన్న అంపైర్ గాని ఆటగాడు గాని రాకూడదు. మాత్ర వేసుకోకుండానే జ్వరం తగ్గి పూర్తిగా ఒక రోజు గడిచే వరకు, ఒంట్లో బాగుందనిపించే వరకు ఇంట్లోనే ఉండాలి.

5. జ్వరంతో ఆగిపోయిన అంపైర్‌కు ఆ రోజుల కూలి ఇవ్వాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. కూలి పోతుందంటే ఎవరూ జ్వరం సంగతి చెప్పరు. మా ఆసుపత్రిలో కూడా రోజు కూలికి పనిచేసే ఆయమ్మ ఒకామె జ్వరం దాచిపెట్టి మూడు రోజులు వార్డు తుడిచింది. ఆమెను కోప్పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, కోప్పడవలసింది ఆమెను కాదు, జ్వరానికి కూలి కోసే పద్ధతిని అని తెలిసింది. ఆ పద్ధతిని నడిపిన వారిలో నేనూ ఒకదాన్ని.

6. జీపులో, మూసిన గదిలో అంపైర్ మాస్కు పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి. మైదానంలో గాలి ఆడేచోట, ఎండలో అక్కరలేదు. అక్కడ తలకు టోపీ, పది ఓవర్లకొకసారి నీళ్లు, మధ్యమధ్య ఓ.ఆర్.ఎస్. గాని ఉప్పు వేసిన మజ్జిగ గాని కావాలి. షుగరు మాత్రలు వేసుకునేవారు ఖాళీ కడుపుతో నిలబడరాదు.

7. టోర్నమెంటుకు నెల ముందే అంపైర్ బి.పి., షుగరు చూపించుకోవాలి. డాక్టరు చెప్పిన టీకాలు వేయించుకోవాలి. నెల ముందే అని ఎందుకు అంటున్నానో పైన చదివారు కదా.

8. ఆట ఆపే అధికారం అంపైర్‌దే. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని ఆయనకు అనిపిస్తే, జనం మరీ మూగితే, ఆయన ఆట ఆపవచ్చు. బహుమతి ఇచ్చే దాతగాని, ఊరి పెద్దగాని అడ్డు చెప్పకూడదు.

కొందరు, "ఇన్ని నియమాలు పెడితే ఆటలో సరదా ఏముంటుంది?" అంటారు. ఆటలో ఉన్నవే నియమాలు కదా! కాలు గీత దాటితే నోబాల్ అంటే ఒప్పుకునే పిల్లలు, రెండు బ్యాట్ల గీత దాటకూడదంటే ఎందుకు ఒప్పుకోరు? చెప్పేవాళ్లు లేక గాని వినేవాళ్లు లేక కాదు.

ముగించే ముందు

డ్రిల్లు మాస్టరు గారు ఇప్పుడు అంపైర్‌గా నిలబడటం లేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. మూడు నెలలకొకసారి షుగరు చూపించుకోవడానికి మా దగ్గరకు వస్తారు. కిందటిసారి వచ్చినప్పుడు ఈ నియమాలు ఆయనకు చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు సవరించుకొని, మూడో నియమం దగ్గర ఆగి, "ముగ్గురు యాడ దొరుకుతారు మా?" అన్నారు. కాసేపు ఆలోచించి, "కుర్చీ ఏసి నీడలో కూచోబెడితే నేను నేర్పిస్తా. పదిమంది పిల్లోళ్లను పంపించు. నియమాల పుస్తకం నా దగ్గర ఉంది" అన్నారు.

యువజన సంఘం పిల్లలకు ఆ మాట చెప్పాను. ప్రథమ చికిత్స పెట్టె ఇచ్చేటప్పుడు అందులో పైనే ఈ ఎనిమిది నియమాల కాగితం పెట్టాను. "ఊరికే నిలబడేవాడే కదా" అన్న ఆ చిన్నవాడు కాగితం తీసి చదివి, మాస్టరు గారి ఇల్లు ఎక్కడ అని అడిగాడు.

మీ ఊరిలో కూడా అటువంటి పెద్దమనిషి ఒకరు ఉంటారు. ఈ వేసవిలో ఆయన వేలెత్తి అవుట్ ఇచ్చినప్పుడు మీకు కోపం రావచ్చు. రెండు బ్యాట్ల దూరంలో నిలబడి కోప్పడండి.

మీ ఆరోగ్యం కోరే,
నర్సింగ్ సూపరింటెండెంట్